పాత డీవీఆర్‌లో హార్డ్ డిస్క్ మార్చినవారు తమ అనుభవాలు చెప్పగలరు

తెనాలి మందుల షాపు:
మా దుకాణంలో 2014లో పెట్టించిన ఎనిమిది చానెళ్ల డీవీఆర్ (సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) పది రోజులుగా ఉండుండి బీప్‌మంటోంది, తెర మీద హార్డ్ డిస్క్ లోపమని చూపుతోంది. నిన్నటి రికార్డులో మధ్యాహ్నం రెండు గంటలపాటు ఏమీ లేదు. లోపలున్న 1 టీబీ డిస్కు తీసి 4 టీబీది వేయవచ్చా? పోయిన వారం కౌంటర్ దగ్గర జరిగిన గొడవ పాత డిస్కులోనే ఉంది, దాన్ని చెడకుండా ఎలా తీసుకోవాలి? ఫ్యాను కూడా కీచుమంటోంది, దాన్నీ మార్చాలా?

నిజాంపేట కార్యదర్శి:
ఏది వేసినా పాత కంప్యూటర్ నుంచి తీసిన డిస్కు మాత్రం వేయకండి. ఖర్చు తగ్గుతుందని మా అపార్ట్‌మెంట్‌లో నేనే అలాంటిది వేయించాను. ఏడో నెలలో సెల్లార్‌లో బండి పోయింది. పోలీసుల ముందు రికార్డు తెరిస్తే, అంతకు పన్నెండు రోజుల ముందే రాయడం ఆగిపోయి ఉంది. ఆ కుటుంబానికి ఇప్పటికీ ముఖం చూపలేకపోతున్నాను. నిఘా కెమెరాల కోసమే చేసే డిస్కు, పర్పుల్ గానీ స్కైహాక్ గానీ కొనండి.

హన్మకొండ టెక్నీషియన్:
నేను 18 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. నిఘా డిస్కు అనేది పేరు మార్చి ఎక్కువ ధరకు అమ్మే సరుకు తప్ప మరొకటి కాదు. నేను మామూలు డిస్కులు వేసిన డీవీఆర్‌లు అయిదారేళ్లుగా నడుస్తున్నాయి. కార్యదర్శి గారు వేయించింది అప్పటికే అరిగిపోయిన డిస్కు.

కాకినాడ కెమెరాలు:
పేరు మార్చి అమ్ముతున్నారనడం సరికాదు. మామూలు డిస్కు ఎక్కడైనా చదవలేకపోతే పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎందుకంటే కంప్యూటర్‌లో కాస్త పోయినా ఫైలు మొత్తం పాడవుతుంది. ఆ కొన్ని సెకన్లు ఎనిమిది కెమెరాల దృశ్యాలు రాయడానికి వీలుకాక, డీవీఆర్ డిస్కే లేదనుకుంటుంది. నిఘా డిస్కు ఆ ప్రయత్నాన్ని త్వరగా మాని, ఒకటి రెండు ఫ్రేములు పోయినా రాస్తూ పోతుంది. పైగా అది రోజుకు 24 గంటలూ తిరగడానికి చేసినది.

హన్మకొండ టెక్నీషియన్:
నేను చేతులతో విప్పి బిగించిన డీవీఆర్‌లు వందల్లో ఉన్నాయి. మీరు ఎన్ని విప్పారో ముందు చెప్పండి.

కాకినాడ కెమెరాలు:
లెక్క అడగడం జవాబు కాదండీ. మీరు బిగించిన వాటిలో ఎన్నిటి రికార్డును వెనక్కి తిప్పి రోజువారీగా చూశారు? లైటు వెలుగుతున్నంత మాత్రాన రికార్డవుతున్నట్టు కాదు, నిజాంపేటలో జరిగింది అదే.

బెజవాడ బేకరీ:
మీరిద్దరూ డిస్కు రకం దగ్గరే ఆగిపోయారు. నేను రెండు డిస్కులు మార్చాక గానీ తప్పు అడాప్టర్‌దని తెలియలేదు. డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలో 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. మా అడాప్టర్ విడిగా కొలిస్తే 12 చూపేది, డీవీఆర్‌కు తగిలిస్తే 10.6కు పడిపోయేది. మూత తీసి డిస్కు మీద వేలు ఆనిస్తే, అది తిరగబోయి, టక్‌మని ఆగి, మళ్లీ తిరగబోవడం తెలిసింది. కొత్త అడాప్టర్ పెట్టాక, పోయిందనుకున్న మొదటి డిస్కే నేటికీ నడుస్తోంది.

ఖమ్మం ఫంక్షన్ హాలు:
ఆ కాలపు డీవీఆర్‌లు కొన్ని 2 టీబీకి మించి గుర్తించవు. మేము 4 టీబీ వేసి, తిరిగి ఇచ్చేశాం. కెమెరాకు 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) చొప్పున ఎనిమిదింటికి రోజుకు 86 జీబీ పైగా అవుతుంది కనుక 2 టీబీలో 23 రోజులే నిలుస్తాయి. జనం ఎక్కువగా వచ్చే చోట్ల 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది కాబట్టి మేము సెకనుకు రికార్డయ్యే ఫ్రేములు తగ్గించి సరిపెట్టాం.

గుంటూరు న్యాయవాది:
ముందు ఆ గొడవ రికార్డును మెనూలోని బ్యాకప్ ద్వారా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఆ తరువాతే డిస్కు విప్పండి. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాస్తాయి కనుక పాత డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ ఫార్మాట్ చేయమంటుంది, ఒప్పుకోకండి. విషయం కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల వరుస) ధ్రువపత్రం కావాలి, అందుకే పాత డిస్కును భద్రపరచండి.

తెనాలి మందుల షాపు:
అందరికీ కృతజ్ఞతలు. అడాప్టర్ మార్చినా బీప్ ఆగలేదు. గొడవ రికార్డు 40 నిమిషాలు, చివరి భాగం దగ్గర కాపీ రెండుసార్లు ఆగిపోయి మూడోసారికి పూర్తయింది. నిన్న 2 టీబీ నిఘా డిస్కు వేయించాను. అయితే కరెంటు పోయి వచ్చేసరికి తేదీ 2000 జనవరి 1 అని చూపుతోంది.

హన్మకొండ టెక్నీషియన్:
బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయింది. అది మార్చి తేదీ సరిచేయండి, లేకపోతే ఏ రోజు రికార్డు ఎక్కడుందో దొరకదు. డిస్కు విషయంలో నా మాట మారలేదు. మూత ఎలాగూ తీస్తారు కాబట్టి ఫ్యాను కూడా మార్చేయండి, ఆ పెట్టెలో వేడి పోయే దారి అదొక్కటే.