షుగర్ కంటికి తక్కువ ధర ఇంజెక్షనా, ఖరీదైనదా?

కాజీపేట నుంచి:
మా బాపుకు షుగర్ వల్ల ఎడమ కంటి పరదా మధ్యలో నీరు చేరింది. హనుమకొండలో రెటీనా డాక్టర్ తక్కువ ధర ఇంజెక్షన్ అవాస్టిన్‌తో మొదలుపెడదాం అన్నారు. మా బావేమో "అది క్యాన్సర్ మందు, ఐలియానే వేయించండి" అని పట్టుబడుతున్నాడు. ఐలియా అంటే అప్పు చేయాలి. ఏం చేయమంటారు?

జనగామ నుంచి:
కంటి దగ్గర డబ్బు చూసుకోవద్దు తమ్ముడూ. 2016లో గుజరాత్‌లో అవాస్టిన్ వేసుకున్న 15 మందికి చూపు దెబ్బతిందని పేపర్లలో వచ్చింది. అప్పుడు కేంద్రమే ఆపేయమంది.

వరంగల్ నుంచి:
రెటీనా ఓపీలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తాను, కొంచెం వివరంగా చెప్తాను.

అవాస్టిన్ 2004లో పేగు క్యాన్సర్‌కు వచ్చిన మాట నిజమే. అయితే క్యాన్సర్ గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టించేదీ, షుగర్ కంట్లో నీరు ఊరించేదీ ఒకటే ప్రొటీన్, వీఈజీఎఫ్. ఐలియా కూడా అడ్డుకునేది దాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యమైన మందుల జాబితాలో అవాస్టిన్ కంటి మందుగా 2013 నుంచే ఉంది.

గుజరాత్ ఘటన తర్వాత జనవరిలో ఆపిన మందును మార్చిలో మళ్లీ అనుమతించారు. భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కు. కంటికి పట్టేది 0.05 మిల్లీలీటరు మాత్రమే కాబట్టి క్యాన్సర్ రోగికి సరిపడే సీసాను చాలామందికి పంచుతారు. ఆ పంచడం శుభ్రంగా జరగకపోతే అందరి కళ్లకూ ముప్పే. సిరంజిల్లోకి ఎక్కడ, ఎలా నింపుతారో అడగండి. మంచి డాక్టర్ విసుక్కోరు.

అమెరికాలో ఈ మందులను పోల్చి 2015లో ఫలితాలు ఇచ్చారు. చూపు 6/12 దాకా (కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువని) ఉన్నవాళ్లలో తేడా లేదు. 6/15కో అంతకంటే కిందికో పడిపోయినవాళ్లలో మొదటి ఏడాది ఐలియాదే పైచేయి. మీ బావ మాటలో అంతవరకు నిజముంది. 2022లో ఇంకో అధ్యయనం వచ్చింది. అలా చూపు తగ్గినవాళ్లకే అవాస్టిన్‌తో మొదలుపెట్టి, చాలకపోతే ఐలియాకు మార్చారు. రెండేళ్లకు వాళ్ల చూపూ, మొదటి నుంచీ ఐలియానే వేసుకున్నవాళ్ల చూపూ దాదాపు సమానం. కాకపోతే నూటికి 70 కళ్లకు మందు మార్చాల్సి వచ్చింది. ఈ మాట పేషెంటుకు ముందే చెప్పి తీరాలి.

నేను చూసినంతలో కళ్లు ఎక్కువగా పాడయ్యేది, అప్పు చేసి ఖరీదైనది ఒకటో రెండో వేయించుకుని ఆగిపోయినవాళ్లకు. ఓసీటీ (పరదా పొరలను చూపే స్కాన్) తెరమీద పరదా మధ్యలో చిన్న గుంట ఉండాలి. వీళ్లకు అక్కడ ఉబ్బు, అందులో నల్లగా నీటి గదులు కనిపిస్తాయి. మొదటి సూదికే అవి చిన్నవైతే "బాగైంది" అనుకుంటారు. ఇంతలో పత్తి ఏరడం మొదలవుతుంది, రావడం మానేస్తారు. మళ్లీ వచ్చేసరికి పరదా పొర అరిగిపోయి ఉంటుంది. అప్పుడు నీరు తీయగలం గానీ, పోయిన చూపు ఏ మందూ తేలేదు.

మంచిర్యాల నుంచి:
అక్కా, మానేయడానికి దూరం కూడా కారణమే. మా అమ్మను నెలనెలా తీసుకురావాలంటే నా కూలీ పోతుంది. వాబిస్మో అనే ఇంకో ఇంజెక్షన్ వేస్తే నాలుగు నెలల దాకా గ్యాప్ ఇవ్వొచ్చట కదా?

వరంగల్ నుంచి:
మీ లెక్క సరైనదే. అయితే దానికీ మొదట్లో నెలనెలా సూదులు తప్పవు, నాలుగు నెలల గ్యాప్ అందరి కళ్లకూ కుదరదు. ఆ మొదటి సూదులన్నిటికీ డబ్బు చేతిలో ఉంటేనే మొదలుపెట్టండి. లేదంటే మన దేశంలోనే తయారయ్యే రణిబిజుమాబ్ అనే ఇలాంటి ఇంజెక్షనే 2015 నుంచి దొరుకుతోంది, దాని గురించి అడగండి.

కాజీపేట తమ్ముడూ, బాపు చూపు ఎంత రాశారు? కుడి కన్ను చూశారా?

కాజీపేట నుంచి:
6/18 అక్కా. కుడి కన్ను బాగానే కనబడుతోందన్నాడని చూపించలేదు.

వరంగల్ నుంచి:
6/18కి అవాస్టిన్‌తో మొదలుపెట్టొచ్చు, కానీ ఎన్ని సూదుల తర్వాత మారుస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. కుడి కంటికీ అదే రోజు చుక్కలు వేయించి చూపించండి. షుగర్ పరదాను తినేటప్పుడు నొప్పి ఉండదు, చూపూ చాన్నాళ్లు తగ్గదు. ఓసీటీ కాగితాలు పారేయొద్దు, మందు మార్చాలా వద్దా అన్నది వాటిని పక్కపక్కన పెట్టే చూస్తారు.