పాత తెరచాప కొయ్య: అతుకు వేయించాలా, కొత్తది నిలపాలా?

ఉప్పుటేరు (అల్లూరు మండలం):
ఇసకపల్లి ఉప్పుటేరులో తిప్పుకొనే మా ఇరవై అడుగుల చెక్క పడవకు నాన్నగారి కాలంలో టేకు కొయ్య నిలిపారు. పొడవు పద్దెనిమిది అడుగులు, మొదలు దగ్గర మందం నాలుగంగుళాలు. ఈసారి పాత రంగు గీకించగా, అడుగున గూట్లో కూర్చునే చోట చెక్క మెత్తబడి, స్క్రూడ్రైవరు గుచ్చితే దిగిపోతోంది. పైభాగంలో నిలువుగా రెండు పొడవాటి నెర్రెలు కూడా ఉన్నాయి. కొత్త టేకు కొనే స్తోమత లేదు. ఇలాంటి పని చేయించినవారు దారి చెప్పగలరు.

కావలి వడ్రంగం:
నెర్రెల గురించి బెంగ వద్దండి. ఎండకు నిలువునా విచ్చిన నెర్రె కొయ్య బలాన్ని పెద్దగా తగ్గించదు. దాన్ని గట్టి లప్పంతో నింపితే మాత్రం వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు ఆ లప్పమే మేకులా పనిచేసి నెర్రెను ఇంకా చీలుస్తుంది కనుక, మైనం వంటి మెత్తని పదార్థం పూయడం మేలు. భయపడవలసింది అడ్డంగా కనిపించే సన్నని ముడత గీతలకు. అవి ఉంటే కొయ్య ఒకసారి విరగబోయి ఆగిందని అర్థం.

ఇక పుచ్చు ఎంతవరకు పాకిందో సుత్తితో కొడుతూ పైకి వెళ్ళండి. గట్టి చెక్క ఖణేల్మంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. జానెడులోపే ఆగితే అంతమేర కోసేసి, గూట్లో ఆ ఎత్తు టేకు దిమ్మ బిగిస్తే సరిపోతుంది. పక్క తాళ్ళు (కొయ్య పైనుంచి పడవ రెండు అంచులకూ లాగి కట్టేవి) ఉన్న కొయ్యకు ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

కొత్తపట్నం తీరం:
పుచ్చు ఒక అడుగు పొడవు దాటితే నా ఓటు సరుగుడుకే. మన తీరం పొడవునా తోటలున్నాయి, నిటారు వాసం ఏరుకోవచ్చు, కొనవైపు సన్నబడటం సహజంగానే వస్తుంది. అయితే ఇది టేకు కంటే బరువు, పచ్చిగా నిలిపితే వంకర తిరుగుతుంది, చీలుతుంది. బెరడు తీసి, రెండు కొసలకూ రంగు పూసి, నీడలో నిదానంగా ఆరబెట్టాలి. బరువెక్కువ కాబట్టి మీ పాత కొయ్య కంటే అర అంగుళం సన్నని వాసం తీసుకోండి.

పాకల మిత్రుడు:
రెండంగుళాల జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు నిలపమని కొందరు అంటారు. ఇరవై అడుగుల పైపు దాదాపు ముప్పై కిలోలు తూగుతుంది; పైగా కొన వరకూ ఒకే మందం కావడంతో పైబరువు పెరిగి పడవ ఊగిసలాడుతుంది. లోపలి తుప్పు కనబడదు. స్ప్రింక్లర్ల అల్యూమినియం పైపు తేలికే గానీ గోడ పలచన, పైగా ఉప్పునీటిలో దానికి స్టీలు స్క్రూలు బిగిస్తే వాటి చుట్టూ అల్యూమినియమే తెల్లగా పొడి రాలి తినబడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి.

కావలి వడ్రంగం:
అతుకు సంగతి కూడా చెప్పాలి. పుచ్చు కోసేశాక మిగిలిన కొయ్యనూ, దానికి అతికే ముక్కనూ వెదురు కలం చెక్కినట్లు ఏటవాలుగా చెక్కాలి. వాలు పొడవు మందానికి కనీసం ఎనిమిది రెట్లు, వీలైతే పన్నెండు. అంటే నాలుగంగుళాల కొయ్యకు అతుకే నాలుగు అడుగులు. రెండడుగులు పుచ్చితే ఆరడుగుల ముక్క కావాలన్నమాట. పాత ఇళ్ళు పడగొట్టినచోట దొరికే టేకు దూలం ఎన్నో ఏళ్ళుగా ఆరి ఉంటుంది కనుక దీనికి ఎంతో అనువైనది, కొత్త కలపకంటే చవక కూడా. టేకులో నూనె ఉంటుంది కాబట్టి చెక్కిన ముఖాలను ఎసిటోన్‌తో తుడిచి వెంటనే ఎపాక్సీ జిగురు పట్టించాలి. మొదటి పూత పలచగా, రెండోది సన్నని రంపపు పొట్టు కలిపి చిక్కగా. మరీ బిగించి కట్టకండి, జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండుగా మిగులుతుంది. సైకిలు ట్యూబు చీలికలతో చుడితే ఒత్తిడి సమంగా పడుతుంది. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది, పైన రంగు ఉండాలి. తెల్ల జిగురు దీనికి పనికిరాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మర పడవలన్నీ గట్టెక్కి ఉండటంతో వడ్రంగులకు తీరిక ఉండదు. ముందే మాట్లాడుకోండి.

ఉప్పుటేరు (అల్లూరు మండలం):
కొట్టి చూశాను, జానెడు పైన గట్టిగానే పలుకుతోంది. దిమ్మ పద్ధతికే వెళ్తున్నాను. అసలు పుచ్చడానికి కారణం మాత్రం ఇప్పుడు దొరికింది: గూట్లో నీరు పోయే దారి లేదు, వాననీరు అక్కడే నిలుస్తోంది. దిమ్మ బిగించేముందు పక్కన కాలువలా చెక్కిస్తాను. పక్క తాళ్ళకు నైలాన్ వాడవచ్చా?

పాకల మిత్రుడు:
వద్దండి, నైలాన్ సాగుతుంది, గాలి పట్టు పెరిగేకొద్దీ కొయ్య వాలిపోతుంది. జింకు పూత ఉన్న ఇనుప తీగతాడు చాలు.