125 కెవిఏ డీజిల్ సెట్టుకు ఊక గ్యాస్ పెడితే 80 కిలోవాట్ల లోడు గుంజుతదా?

మిల్లు_మిర్యాలగూడ:
రా రైస్ మిల్లు, బాయిలర్ లేదు. గంటకు 2 టన్నుల వడ్లు ఆడుతది. నడిచే లోడు 80 కిలోవాట్లు, 125 కెవిఏ డీజిల్ సెట్టు ఉంది. ఊకతోని గ్యాసిఫయర్ (తక్కువ గాలిల మాడ్చి మండే గ్యాస్ తీసే పొయ్యి) పెడితే సరిపోతదా? ఊక రేటు పెరిగినప్పుడు అదే దాంట్ల పత్తి కట్టె వెయ్యొచ్చా?

జెన్‌సెట్_పని:
అంచున ఉన్నరన్నా. 125 కెవిఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ మీద 100 కిలోవాట్లు. గ్యాస్ కలిపి నడిపితే సుమారు 20 శాతం బలం తగ్గుతది, అంటే మిగిలేది మీ లోడే. మోటార్లు స్టార్ట్ అయ్యేటప్పుడు పడే గుంజుడుకు జాగా లేదు. గ్యాస్ డీజిల్ లెక్క వెంటనే అందుకోదు. పెద్ద మోటారును డీజిల్ మీదనే లేపి, లోడు కుదురుకున్నంక గ్యాస్ వాల్వు మెల్లగ తెరవాలె. గవర్నర్ (ఇంజన్ స్పీడు నిలిపే భాగం) తనంతట తనే డీజిల్ తగ్గించుకుంటది. గ్యాస్, గాలి దాదాపు సగం సగం. సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తే గాలి తక్కువైనట్టు.

యూనిట్‌కు సుమారు 2 కిలోల ఊక పట్టుకోండి, గంటకు 160 కిలోలు. వడ్ల బరువుల ఊక 20 శాతం, అంటే మీకు గంటకు 400 కిలోలు వస్తది, సగానికంటె ఎక్కువ మిగులుతది. డీజిల్ 65 నుంచి 70 శాతం ఆదా. పూర్తిగ మానేస్తమంటే స్పార్క్ ప్లగ్ ఉన్న గ్యాస్ ఇంజనే కొనాలె.

ఊక_బూడిద:
పత్తి కట్టె అదే పొయ్యిల వద్దు. ఊకకు గొంతు లేని (నడుమ సన్నబడని) నిటారు పొయ్యి కావాలె, ఎందుకంటే దాంట్ల దాదాపు ఐదో వంతు బూడిదే, అది ఎక్కువగ సిలికా, అంటే ఇసుకల ఉండేదే. కింది నుంచి ఆగకుండ తీస్తనే ఉండాలె. కట్టెకు గొంతు సన్నగ ఉన్న పొయ్యి కావాలె. కట్టెను 2 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు కొట్టి, తేమ 15 శాతం లోపుకు ఎండబెట్టాలె. పొడుగు ముక్కలు పడితే గొంతుకాడ గూడు కడతయి, కింద బొగ్గు కాలిపోయి ఖాళీ అయితది, పైనుంచి పచ్చి పొగ నేరుగ ఇంజన్‌కు పోతది. తారు అంటే అదే. వాల్వులు పట్టుకుంటయి.

సగం లోడుకంటె తక్కువ నడిపినా తారే, ఎందుకంటే పొయ్యి వేడి పడిపోతది. ఊకకు ఇంకో తంటా: గాలి ఎక్కువైతే సిలికా కరిగి రాయిలా గట్టిపడి పొయ్యి కింది జల్లెడ మూసుకపోతది.

రోజూ చెయ్యాల్సిన పరీక్ష: ఫిల్టర్ తర్వాత పరీక్ష కొళాయికి తెల్లబట్ట కట్టి ఒక్క నిమిషం గ్యాస్ వదలండి. బంక లెక్క గోధుమ మరక అంటితే తారు, పొడి నల్లగ ఉంటే మసి. మొదటిదానికి పొయ్యి చూడాలె, రెండోదానికి ఫిల్టర్.

మిల్లు_మిర్యాలగూడ:
మున్సిపల్ చెత్త కూడ కలుపుతమని అమ్మేటాయన అంటున్నడు.

ఊక_బూడిద:
కలపకండి. మన చెత్తల సగం దాకా నీళ్లే, పైగ పీవీసీ ముక్క పడ్డా క్లోరిన్ యాసిడ్ అయి పైపులు తింటది. హైదరాబాద్ పక్కన జవహర్‌నగర్‌ల చెత్తతోని నడిచే కరెంటు ప్లాంటు గ్యాసిఫయర్ కాదు, చెత్తను కాల్చి ఆవిరితోని టర్బైన్ తిప్పుతరు. అది వేరే పని.

జెన్‌సెట్_పని:
ఒకటి మాత్రం మర్వకండి. ఈ గ్యాస్‌ల 15 నుంచి 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, వాసనను నమ్మకండి. షెడ్డు గోడలు లేకుండ కట్టండి, అలారం పెట్టండి, తెల్లబట్ట పరీక్ష కూడ గాలి తగిలేటోటనే. మొదట గ్యాస్‌ను ఫ్లేర్‌ల (బయట కాల్చే గొట్టంల) కాల్చి, మంట నిలకడగ ఉంటేనే ఇంజన్‌కు మలపండి. బంద్ చేసిన వెంటనే గ్యాసిఫయర్ మూత తియ్యొద్దు, లోపలికి గాలి దూరితే పేలుతది.

గ్యాస్‌ను కడిగిన నీళ్లు కాలువల పోయొద్దు, ఫినాల్ అనే విషం ఉంటది. రెండు తొట్లు కట్టి తేర్చి మళ్లీ వాడండి. గంటకు 40, 50 కిలోల నల్లబూడిద వస్తది, బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లండి, లోపల నిప్పు గంటల తరబడి ఉంటది.