కలప డిజైన్ చెక్: మెంబర్లను (మోడల్‌లోని ఒక్కో కర్రను) ఏ లెక్కన గ్రూపు చేస్తున్నారు?

హైదరాబాదీ_స్ట్రక్చర్స్
జర్మనీలో ఒక ఇంటి పైకప్పు చేస్తున్నాం. సీ24 గ్రేడు కలప, యూరోపు కలప డిజైన్ కోడ్ యూరోకోడ్ 5, లెక్కలకి ఆర్‌ఫెమ్ సాఫ్ట్‌వేర్. వాసాలన్నీ 80×200 మిల్లీమీటర్లే కదా అని ఒకే గ్రూపులో పడేశాను. సొంత బరువు, మంచు కలిసిన భారాల కాంబినేషన్ 0.96తో పాసైంది (1 దాటితే ఫెయిల్). సొంత బరువు ఒక్కటే ఉన్నది 1.04 చూపిస్తోంది! బరువు తగ్గితే ఫెయిలవడం ఏంటండీ? శుక్రవారం సబ్‌మిషన్, టెన్షన్‌గా ఉంది.

గుంటూరు_టు_స్టట్‌గార్ట్
సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. బరువు ఎక్కువ కాలం మోయాల్సి వస్తే కలప బలం తగ్గుతుంది, దానికే కేమాడ్ అనే బలం తగ్గింపు గుణకం. శాశ్వత భారానికి 0.6. జర్మనీలో 1000 మీటర్ల ఎత్తు లోపు మంచు స్వల్పకాలిక భారం, కాబట్టి 0.9. కాంబినేషన్‌లో అన్నిటికన్నా తక్కువ కాలం ఉండే భారం ఏదో, దాని కేమాడే తీసుకుంటాం. సీ24 వంపు బలం 24ని కేమాడ్‌తో గుణించి, భద్రతా గుణకం 1.3తో భాగిస్తే, సొంత బరువు ఒక్కటే ఉన్న కేసులో 11.1, మంచు కలిసిన కేసులో 16.6 న్యూటన్లు చదరపు మిల్లీమీటరుకి. మీ వాసంలో సొంత బరువు స్ట్రెస్ 11.5 దగ్గర ఉండుంటుంది. బరువైన పెంకులా, పైన సోలారా?

హైదరాబాదీ_స్ట్రక్చర్స్
రెండూ ఉన్నాయండీ 😅

టొరంటో_తెలుగు
ఇందుకే గ్రూపు ఫోర్సుల ఎన్వలప్ (అన్ని కాంబినేషన్లలోని గరిష్ఠ విలువలు) తీసి ఎక్సెల్‌లో చెక్ చేయొద్దంటాను. ఎన్వలప్‌లో పెద్ద మొమెంటు (కర్రను వంచే బలం) మిగులుతుంది, అది ఏ భారం వల్ల వచ్చిందో మిగలదు. కెనడా కోడ్‌లోనూ ఇదే గొడవ, అంకెలు వేరు: దీర్ఘకాలికానికి 0.65, మంచు 'స్టాండర్డ్' కాలవ్యవధిలోకి వస్తుంది కాబట్టి 1.0. కెనడా టెంప్లేట్ జర్మనీ పనికి వాడితే అయినట్టే.

వడ్రంగి_మనవడు
చూరు సంగతి చూశారా? ఒకే వాసం ఇంటి లోపల సర్వీస్ క్లాస్ (కలపకు తగిలే తేమను బట్టి ఇచ్చే తరగతి) 1, గోడ దాటి చూరు కింద 2. బలం చెక్‌లో ఈ రెంటికీ తేడా లేదు. కానీ క్రీప్‌కి (కాలం గడిచేకొద్దీ పెరిగే వంపుకి) వాడే గుణకం కేడెఫ్ 0.6 నుంచి 0.8 అవుతుంది, వంపు పెరుగుతుంది. నేరుగా వాన తగిలే ముక్క ఉంటే అది క్లాస్ 3: శాశ్వత కేమాడ్ 0.5, కేడెఫ్ 2.0. దాన్ని మాత్రం కచ్చితంగా విడదీయండి.

హైదరాబాదీ_స్ట్రక్చర్స్
ఇంకోటి. కాలర్ టై (ఎదురెదురు వాసాలను కలిపే అడ్డకర్ర) దగ్గర మోడల్‌లో నోడ్, అంటే కలిసే బిందువు, ఉంది కాబట్టి ప్రతి వాసం రెండు మెంబర్లయింది. గ్రూపులో ఉన్నాయిగా, పొడవు దానంతటదే కలుస్తుందా?

గుంటూరు_టు_స్టట్‌గార్ట్
కలవదు. ఆర్‌ఫెమ్‌లో మెంబర్ల సెట్‌లు రెండు రకాలుంటాయి. మామూలు గ్రూపు అంటే మెంబర్లను ఒక చోట పెట్టడమే. "కంటిన్యూయస్ మెంబర్స్" అని సెట్ చేస్తేనే ఒకే కర్రగా చూస్తుంది. లేకపోతే బక్లింగ్ (నొక్కుడు బలానికి కర్ర పక్కకు వంగిపోవడం) లెక్కకి వాడే పొడవు, ఎల్/300 (పొడవులో 300వ వంతు) లాంటి వంపు పరిమితి రెండూ ముక్క పొడవు మీదే పడి, చూడ్డానికి అన్నీ పచ్చగా ఉంటాయి. అలాగని కలిపేసి ఊరుకోవద్దు. కాలర్ టై పక్కకు జరగకుండా ఏదైనా పట్టి ఉంచుతోందా లేదా అన్నదాన్ని బట్టి నిలువు తలంలో బక్లింగ్ పొడవు మీరే ఇవ్వాలి. రెండో దిశలో, వికర్ణ బ్రేసింగ్ లేకుండా పెంకుల బద్దెలు ఒక్కటే ఉంటే వాసాలన్నీ కలిసి ఒకే పక్కకు వంగుతాయి.

హైదరాబాదీ_స్ట్రక్చర్స్
మా బాస్ గ్రూపులు తగ్గించమంటున్నారు, సైట్‌లో సైజులు ఎక్కువైతే గందరగోళమని.

వడ్రంగి_మనవడు
ఆయన అడిగేది కొనే సైజుల గురించి తమ్ముడూ. చెక్ గ్రూపులు ఎన్నైనా ఉండనీ, చివర్లో అన్నిటికీ ఒకే సైజు ఇవ్వు. ఆ రెండూ ఒకటే అనుకుంటేనే ఒక్క చూరు ముక్క కోసం ఇల్లంతా 80×240 అయిపోతుంది.

టొరంటో_తెలుగు
పైకప్పు మలుపులో లోయ వాసాలుంటే వాటిని ఈ లెక్కలోకి అసలు తేకండి. రెండు వైపుల పొట్టి వాసాల భారం దాని మీదే పడుతుంది. రెండు దిశల్లో వంపు వస్తే, ఒక్కో దిశ స్ట్రెస్‌ను మార్చి మార్చి 0.7తో గుణించి కలిపే రెండు సమీకరణాలూ చూడాలి. మీకు ఉన్నాయా?

హైదరాబాదీ_స్ట్రక్చర్స్
ఒకటుంది. దాన్నీ 80×200 గ్రూపులోనే పెట్టి ఉంది, ఇప్పుడే బయటికి తీస్తున్నా.