అరకు ఘాట్‌కి గ్రావెల్ బైక్: 50/34 క్రాంక్ చాలుతుందా?

ప్రశ్న: అన్నలూ, నాది గ్రావెల్ బైక్ (కంకర దారుల సైకిల్). గేర్ల సెట్ షిమానో 105 ఆర్7000, క్రాంక్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రాలు) 50/34 పళ్లు, క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి) 11-32 పళ్లు, టైర్లు 700×40. బ్యాగులతో ఘాట్ ఎక్కాలి. ఏం మార్చాలి?

జవాబు: మీ అతి తేలిక గేర్ ముందు 34, వెనక 32 పళ్లు. 34/32 అంటే 1.06, పెడల్ ఒక పూర్తి చుట్టుకి (ఒక తొక్కు) చక్రం 1.06 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 60 తొక్కుల్లో గంటకు సుమారు 8.4 కి.మీ. అంతకన్నా నెమ్మదిస్తే భారమంతా మోకాళ్ల మీదే. 11-34 క్యాసెట్ వేయండి, మీ జీఎస్ రకం వెనక డిరైలర్ (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) 34 పళ్ల వరకు పడుతుంది.

జవాబు: అదొక్కటే మారిస్తే 1.0, తేడా అంతంతమాత్రం. అసలు మార్పు క్రాంక్‌లో ఉంది తమ్ముడూ: షిమానో గ్రావెల్ సెట్ జీఆర్‌ఎక్స్‌లోని 46/30. అప్పుడు 30/34 అంటే 0.88, అవే 60 తొక్కుల్లో గంటకు సుమారు 7 కి.మీ. దిగేటప్పుడు 46/11లో 90 తొక్కులకి దాదాపు 50 కి.మీ. వస్తుంది, పెద్దగా ఏమీ పోదు.

జవాబు: ఆ క్రాంక్ చైన్‌లైన్ (ఫ్రేమ్ మధ్య నుంచి ముందు పళ్లచక్రాల దూరం) రోడ్డు క్రాంక్ కన్నా 2.5 మి.మీ. బయటికి ఉంటుంది. రోడ్డు బైక్ ముందు డిరైలర్ అంతదూరం సరిగ్గా రాదు, చైన్ దాని కేజ్‌కి (చైన్‌ని నెట్టే పలకల జత) కరకరా రాసుకుంటుంది. ముందు డిరైలర్ కూడా జీఆర్‌ఎక్స్‌దే కొనండి. పెద్ద రింగు పళ్లకీ కేజ్‌కీ మధ్య 1-3 మి.మీ. ఎడం ఉంచండి.