కోళ్లకు వేసుకునే గోధుమల మీద కేంద్రం పెత్తనమా?

గోదారిగట్టు: గోధుమ ధర పడిపోకుండా అమెరికా ప్రభుత్వం రైతులకి కోటాలు పెట్టింది. 1941 పంటకి ఒహాయో రాష్ట్ర రైతు రోస్కో ఫిల్‌బర్న్‌ని 11.1 ఎకరాల్లోనే గోధుమ వేయమన్నారు. ఆయన 23 ఎకరాల్లో వేశాడు. 239 బుషెళ్లు (బుషెల్ గోధుమ అంటే దాదాపు 27 కిలోలు) ఎక్కువ పండాయని, బుషెల్‌కి 49 సెంట్ల చొప్పున 117 డాలర్ల జరిమానా వేశారు. ఆయన గోధుమల్లో కొంత అమ్మకానికి పోయినా, మిగతాది ఇంటి పిండికి, విత్తనానికి, పశువులకు, కోళ్లకు. అయినా 1942లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వం వైపే నిలిచింది. రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద కేంద్రానికి అధికారం ఉందట! పెరడు దాటని గింజ రాష్ట్రం ఎప్పుడు దాటింది?

లెక్కలమాస్టారు: దాటకపోవడమే కదండీ సమస్య. ఇంట్లో పండించుకున్నవాడు బజార్లో కొనడు. ఒక్కడైతే ఫర్వాలేదు, అందరూ అదే చేస్తే ధర నిలబడదు. ఆ తీర్పు రాసిన జస్టిస్ జాక్సన్ చెప్పింది ఇదే. అప్పుడు ప్రపంచ మార్కెట్లో బుషెల్ 40 సెంట్లు, అమెరికాలో 1.16 డాలర్లు. ఆ తేడా ప్రభుత్వ పథకం వల్ల వచ్చిందే. పాలు కావాలి, పేడ మాత్రం ఎత్తనంటే ఎలా? పైగా 1941 మేలో ఓటింగ్ పెడితే 81 శాతం రైతులు కోటాకి సరేనన్నారు.

గోదారిగట్టు: మిగతా 19 శాతం? నా పొలంలో ఏం వేయాలో పక్క పొలం వాడి ఓటు తేలుస్తుందా?

లెక్కలమాస్టారు: స్వేచ్ఛ అంటారా? 1905లో ఇదే కోర్టు, బేకరీ పనివాళ్లకు వారానికి 60 గంటలే అన్న న్యూయార్క్ చట్టాన్ని స్వేచ్ఛ పేరుతో కొట్టేసింది. ఆ స్వేచ్ఛ ఎవరికి పనికొచ్చింది, ఓనరుకేగా! ఇంకోటి. 1964 పౌరహక్కుల చట్టం కూడా ఈ వ్యాపార అధికారం మీదే నిలబడింది. నల్లవాళ్లను లోపల కూర్చోనివ్వని బర్మింగ్‌హామ్ హోటల్‌కి, మాంసం వేరే రాష్ట్రం నుంచి వస్తోంది కదా అని చెప్పి, ఫిల్‌బర్న్ తీర్పునే ఆధారంగా చూపించారు.

గోదారిగట్టు: ఆ హోటల్ విషయంలో ఫలితం మంచిదే, కాదనను. కానీ మనిషిని మనిషిగా చూడమనడానికి మాంసం లెక్కలెందుకండీ? చట్టం ముందు అందరూ సమానమనే 14వ రాజ్యాంగ సవరణ ఉందిగా. అది ప్రభుత్వాలకే గానీ ప్రైవేటు వాళ్లకు వర్తించదని 1883లో కోర్టే ఆ దారి మూసేసింది, అసలు తప్పు అక్కడుంది. 2005లో చూడండి, కాలిఫోర్నియాలో మందు కోసం ఇంట్లో పెంచుకున్న గంజాయి మొక్కలకూ ఇదే తీర్పు తగిలించారు.

పొగాకు_పల్లె: మధ్యలో దూరుతున్నా. మా ప్రకాశం వైపు పొగాకు బోర్డు బ్యారన్‌కి (ఆకు కాల్చే కొట్టానికి) ఇంత పంటని పరిమితి పెడుతుంది, మాకది అలవాటే. కాకపోతే పొగాకుని ఎవరూ వండుకు తినరు. మాస్టారూ, ఇంటి పిండికి ఉంచుకున్న గింజలైనా లెక్కలోంచి తీసేసి ఉంటే ధర పడిపోయేదంటారా?

లెక్కలమాస్టారు: పిండి ఒక్కటే అయితే పడేది కాదు. కోళ్ల మేత సంగతే తేలాలి.