.308 రీలోడ్‌లు ఛాంబర్‌లో బిగుసుకుంటున్నాయి

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను, .308 విన్చెస్టర్ బోల్ట్ రైఫిల్. హ్యాండ్‌లోడింగ్ (కాల్చిన తూటాల ఖాళీ గొట్టాల్లో, అంటే కేసుల్లో, మళ్లీ ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టి సొంతంగా నింపుకోవడం) కొత్త. ఫుల్ లెంగ్త్ డైతో (కేసును నొక్కి మళ్లీ సరైన కొలతకు తెచ్చే అచ్చు) సైజ్ చేసినా కొన్నిటికి బోల్ట్ సులువుగా పడట్లేదు. డై ఇంకా కిందికి దించాలా?

జవాబు 1: బలవంతంగా మూయకండి. ముందు ప్రైమర్, పౌడర్, బుల్లెట్ ఏవీ లేని సైజ్ చేసిన ఖాళీ కేసు వేసి చూడండి. అదీ పట్టేస్తే షోల్డర్ (మెడ కింద కేసు వాలుగా వెడల్పయ్యే చోటు) చాలినంత వెనక్కి వెళ్లలేదన్నమాట. డైని కాస్త కాస్తగా తిప్పుతూ, ప్రతిసారీ కంపారేటర్‌తో (అడుగు నుంచి షోల్డర్ దాకా కొలిచే సాధనం) కొలవండి. కాల్చిన కేసు కన్నా షోల్డర్ 0.002 అంగుళం తగ్గితే చాలు. ఇంకా నొక్కితే, కాల్చిన ప్రతిసారీ కేసు అడుగుకు కాస్త పైన సాగి, చివరికి అక్కడే తెగుతుంది. లోపల వంచిన తీగతో గీరితే ఆ గాడి చేతికి తెలుస్తుంది.

జవాబు 2: ఖాళీ కేసు సాఫీగా వెళ్తోందా? అయితే కేసు పొడవు చూడండి. గరిష్ఠం 2.015 అంగుళాలు, 2.005కి ట్రిమ్ చేసి అంచు నున్నగా చెక్కండి. పొడవెక్కువైతే మెడ బుల్లెట్‌ను బిగించి ప్రెషర్ పెరుగుతుంది, అది నిజంగా ప్రమాదం. క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీద నొక్కి బిగించడం) ఎక్కువైనా షోల్డర్ ఉబ్బుతుంది. పట్టేసే తూటాకు మార్కర్‌తో నల్లగా పూసి ఛాంబర్‌లో వేస్తే ఎక్కడ రాసుకుంటోందో కనిపిస్తుంది.

జవాబు 3: పట్టేసినవాటిని పుల్లర్‌తో విప్పేయండి అండీ. పౌడర్ మాత్రం మాన్యువల్‌లోని స్టార్ట్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ మోతాదు) నుంచే. బల్లమీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి పౌడర్ మట్టం చూడండి.